కీమోస్టాటా, టర్బిడోస్టాటా?

రెండూ సూక్ష్మజీవులను ఆపకుండా పెంచే పరికరాలే. రెండింటిలోనూ కొత్త మీడియా (పోషకాలున్న ద్రవం) ఒకవైపు నుంచి వస్తుంటుంది, అంతే పరిమాణంలో కల్చర్ (కణాలు పెరుగుతున్న ద్రవం) మరోవైపు నుంచి బయటికి పోతుంటుంది. తేడా ఎక్కడంటే, పంపు వేగాన్ని ఎవరు నిర్ణయిస్తారన్న దగ్గర.

కీమోస్టాట్‌లో మనమే. 1950లో శాస్త్రవేత్త మోనో, అదే ఏడాది విడిగా నోవిక్, జిలార్డ్ అనే మరో ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రకటించిన పద్ధతి ఇది. లీటరు కల్చర్‌లోకి గంటకు 200 మిల్లీలీటర్లు పంపితే డైల్యూషన్ రేటు, అంటే గంటకు పాత్రలో ఎన్నో వంతు ద్రవం కొత్తగా చేరుతుందన్నది, గంటకు 0.2. గ్లూకోజు లాంటి ఒక్క పోషకాన్ని కొరతగా ఉంచితే, కణాల పెరుగుదల రేటు కూడా అక్కడికే వచ్చి నిలుస్తుంది. పంపు తిప్పి జీవి వేగాన్ని మార్చగలగడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

టర్బిడోస్టాట్‌లో పోషకాలన్నీ పుష్కలం. కల్చర్ చిక్కబడగానే సెన్సరు గమనించి పంపును నడుపుతుంది.

ఖర్చు: కీమోస్టాట్‌కు నిలకడైన పంపు చాలు. రెండోదానికి సెన్సరు, కంట్రోలరు అదనం.

శ్రమ: కీమోస్టాట్ స్థిరపడాలంటే పాత్ర నిండా పట్టేంత మీడియా కనీసం మూడు నుంచి ఐదుసార్లు మారాలి. పై లెక్కన 15 నుంచి 25 గంటలు.

ప్రమాదం: కీమోస్టాట్‌లో డైల్యూషన్ రేటు కణాల గరిష్ఠ పెరుగుదల రేటును దాటితే కల్చర్ మొత్తం కొట్టుకుపోతుంది. టర్బిడోస్టాట్‌లో అసలు శత్రువు బయోఫిల్మ్, అంటే గోడకు అంటుకుని పెరిగే కణాల పొర. గాజు లోపలి గోడకు సన్నని పొర పడితే చాలు, పలచని కల్చర్ కూడా సెన్సరుకు చిక్కగా కనిపిస్తుంది, పంపు ఇంకా తోస్తూనే ఉంటుంది. అందుకే నమూనా తీసి విడిగా కొలిచి సరిచూడాలి.

నెమ్మదిగా, ఆకలితో పెరిగే కణాలను చదవాలంటే కీమోస్టాట్. గరిష్ఠ వేగం దగ్గర పెంచాలన్నా, అత్యంత వేగంగా పెరిగే రకాలను ఏరాలన్నా టర్బిడోస్టాట్.