నీళ్లలో ఫొటోల కోసం ఫోన్ కేస్ కొంటున్నారా? ముందు బకెట్‌లో ముంచి చూడండి

అండమాన్ ట్రిప్ పెట్టుకుని, నీళ్ల కింద ఫొటోలు తీద్దామని ఫోన్‌కి వాటర్‌ప్రూఫ్ కేస్ కొనబోతున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే షాపుకి వెళ్లండి. నా ఫోన్ పోయింది. మీది పోకూడదని రాస్తున్నాను.

అబిడ్స్ వైపు ఒక షాపులో 2,400 రూపాయలు పెట్టి గట్టి ప్లాస్టిక్ కేస్ తీసుకున్నాను. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 30 మీటర్ల లోతు దాకా అని ఉంది. "పరేషాన్ కాకు అక్కా, ముప్పై మీటర్లు గ్యారంటీ" అన్నాడు షాపతను. బిల్లు అడిగితే రేటు పెరుగుతుందన్నాడు. నేను ఊరుకున్నాను. అక్కడే తప్పు చేశాను.

హావ్‌లాక్‌లో, అదే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, తమ్ముడూ నేనూ స్నార్కెలింగ్‌కి దిగాం. డైవింగ్ కూడా కాదు. మొహం నీళ్లలో పెట్టి పైపైన తేలుతున్నాం, ఫోన్ చెయ్యి చాపినంత లోతులో ఉంది. పది నిమిషాలకి లెన్స్ ముందు ఆవిరి పట్టింది. వేడికి పట్టిందేమో అనుకున్నాను. కాసేపటికి స్క్రీన్ మీద ఒక నీటిచుక్క అటూ ఇటూ పొర్లడం కనిపించింది. ఒడ్డుకొచ్చి తెరిచేసరికి లోపల స్పూనుడు సముద్రపు నీళ్లు.

ఫోన్‌కి ఐపీ68, అంటే దుమ్మూ నీళ్లూ తట్టుకుంటుందని చెప్పే రేటింగ్, ఉంది కదా అన్న ధైర్యం కూడా పనిచేయలేదు. ఆ పరీక్ష చేసేది కదలని మంచినీళ్లలో, కంపెనీ చెప్పిన లోతుకి, చెప్పిన సమయానికే. ఉప్పునీళ్ల సంగతి వేరు. పైగా నేను ఒకసారి స్క్రీన్ మార్పించాను. విప్పి బిగించిన ఫోన్‌లో నీళ్లను ఆపే సీలు మొదట్లో ఉన్నట్టే ఉంటుందని నమ్మలేం. సర్వీస్ సెంటర్‌లో సిమ్ ట్రే సందులోకి లైటు వేసి చూపించారు. లోపలి తెల్ల స్టిక్కర్ ఎర్రగా మారింది. తడిసిన ఫోన్‌కి వారంటీ రాదన్నారు.

ఇంటికొచ్చాక కేస్‌ని ఎండలో పెట్టి చూశాను. మూత చుట్టూ గాడిలో నల్ల రబ్బరు రింగు ఉంటుంది, మూత దగ్గర నీళ్లను ఆపేది అదొక్కటే. దాన్ని తీసి గాడిలో గోరుతో రాస్తే కింది మూల దగ్గర ఏదో తగిలింది. అచ్చులో పోసినప్పుడు మిగిలిన ప్లాస్టిక్ అంచు, వెంట్రుకంత మందం. రింగు సరిగ్గా దాని మీద కూర్చుంటోంది. అక్కడ ఒక్క తల వెంట్రుకో ఇసుక రేణువో అడ్డం పడినా నీళ్లు లోపలికి వస్తాయట. మరి నా కేస్‌లో ఆ లోపం తయారీలోనే ఉంది.

హైదరాబాద్‌లో మనకి సముద్రం లేదు. అందుకే ఇక్కడ కొన్నదాని సంగతి అంత దూరం వెళ్లాక గానీ తెలియదు. కానీ ఇంట్లోనే చూసుకోవచ్చు. ఫోన్ పెట్టకుండా లోపల టిష్యూ పేపర్ మడిచిపెట్టి మూత వేయండి. తేలకుండా పైన రాయి పెట్టి, నిండు బకెట్‌లో అరగంట ఉంచండి. నీళ్లలో ఉండగానే బటన్లన్నీ పదిసార్లు నొక్కండి, బటన్ల సందుల్లోంచి కూడా నీళ్లు దిగుతాయి. బకెట్ లోతుకి ఏం తెలుస్తుందని కొట్టిపారేయకండి. లోతుకి వెళ్తే నీటి ఒత్తిడే మూతని రింగు మీద బిగిస్తుంది, పైపైన ఆ ఒత్తిడి ఉండదు. కొన్ని కేసులు అక్కడే కారతాయి. ఇందులో నెగ్గిన కేస్ లోతులో కూడా ఆగుతుందని కాదు, ఓడిపోయినదాన్ని మాత్రం వాడనే కూడదు.

ఇంకొకటి, ఎర్ర ఫిల్టర్ అంటగడితే తీసుకోకండి. నాతో 600 పెట్టించారు. నీళ్లు ముందు ఎరుపునే పీల్చుకుంటాయి, అందుకే లోతుకి వెళ్లేకొద్దీ ఫొటోలు నీలంగా వస్తాయి. ఐదారు మీటర్లు దాటాక ఫిల్టర్ పనికొస్తుంది. స్నార్కెలింగ్ లోతులో ఎండ బాగా ఉంటే మాత్రం మొహాలు గులాబీ రంగులో వస్తాయి. కొత్తగా తీసేవాళ్లకి అంతకన్నా పనికొచ్చేది దగ్గరగా వెళ్లడం. మనకీ చేపకీ మధ్య ఎంత తక్కువ నీరుంటే ఫొటో అంత తేటగా వస్తుంది. ఫ్లాష్ ఆపేయండి, లేదంటే నీళ్లలోని నలుసులన్నీ తెల్లచుక్కలై మెరుస్తాయి. డైవ్‌కే వెళ్తుంటే, మొదటిసారి దిగేవాళ్లని చాలాచోట్ల కెమెరా పట్టుకోనివ్వరు. ఆ సంగతి కొనకముందే కనుక్కోండి. ఇప్పుడు ఆలోచిస్తే గోప్రో, అదే నీళ్లలో కూడా వాడే చిన్న కెమెరా, అద్దెకి తీసుకోవాల్సింది. ఈమధ్య వచ్చినవి కేస్ లేకుండానే 10 మీటర్ల దాకా తట్టుకుంటాయి.

షాపుకి వెళ్లి గాడిలో ఆ అంచు చూపించాను. "మీరు సరిగ్గా మూయలేదక్కా" అన్నాడు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపారం. లోపమున్న వస్తువుని బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోవాలి. బిల్లు లేదు గానీ యూపీఐలో కట్టాను కాబట్టి బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో కేస్‌కీ ఫిల్టర్‌కీ కలిపి ఆ 3,000 ఉంది. ఆ కాగితం, గాడి ఫొటోలు పక్కన పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. కేస్ తుడవకుండా అలాగే దాచాను, మూలల్లో ఉప్పు ఇంకా తెల్లగా కనిపిస్తోంది.