ఎనిమిదేళ్లుగా ట్రేడ్ మ్యాప్ వాడుతున్నాను: మిర్చి ఎగుమతికి ఎంతవరకు పనికొస్తుంది?

గుంటూరులో ఎండు మిర్చి ఎగుమతి చేసే కంపెనీలో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. జెనీవాలోని అంతర్జాతీయ వాణిజ్య కేంద్రం నడిపే, దేశాల ఎగుమతి దిగుమతి లెక్కలు చూపే వెబ్‌సైట్ ట్రేడ్ మ్యాప్‌ను వారానికి రెండు మూడుసార్లయినా తెరుస్తాను. లాగిన్ పెట్టుకుని ఉచితంగానే వాడుతున్నాను. అందులో ఎండు మిర్చి కస్టమ్స్ కోడ్ 090421 కొడితే చాలు, ఏ దేశం ఎన్ని టన్నుల ఎండు మిర్చి కొంటోందో, అందులో మన వాటా ఎంతో వస్తుంది.

కొత్త దేశం వెతకడానికి దీన్ని మించింది నాకు దొరకలేదు. మొదట్లో మేం చైనా, బంగ్లాదేశ్ ఆర్డర్ల మీదే నడిచేవాళ్లం. ఒకచోట ఆర్డర్లు ఆగితే టిక్కీలన్నీ (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీలోనే, మాకు రోజూ టెన్షనే. ఐదేళ్ల దిగుమతులు పక్కపక్కన పెట్టి చూశాకే, థాయ్‌లాండ్‌లో కూడా ప్రయత్నిద్దామని మా ఓనర్ గారికి ధైర్యంగా చెప్పగలిగాను.

ధర దగ్గర మాత్రం దెబ్బతిన్నాం. ఆ కోడ్‌లో తేజ, 334, బ్యాడిగి లాంటి మిర్చి రకాలన్నీ కలిసే ఉంటాయి. మొత్తం విలువను బరువుతో భాగిస్తే వచ్చిన సగటునే తేజ ధర అనుకుని కొటేషన్ ఇచ్చాను. ఆర్డర్ ఖాయమయ్యాక చూస్తే గుంటూరు మిర్చి యార్డులో తేజ అంతకంటే ఎక్కువ పలుకుతోంది. రెండు కంటైనర్లు నష్టానికి పంపాం. లెక్క సరిగ్గానే ఉంది, నేనే తప్పుగా చదివాను. పైగా ఆయా దేశాల నెలవారీ లెక్కలు వచ్చేసరికి సీజన్ చాలావరకు గడిచిపోతుంది. ఇవాళ ఎంతకు కొనాలో తెలియాలంటే పొద్దున్నే యార్డుకు వెళ్లాల్సిందే, కమీషన్ ఏజెంట్లతో మాట్లాడాల్సిందే.

యూరప్‌కు పంపేవాళ్లు అక్కడి ఆహార హెచ్చరికల పోర్టల్ రాస్ఫ్ కూడా తప్పకుండా చూడాలి. అక్కడ మిర్చిలో బూజు వల్ల పుట్టే విషం అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు దాటకూడదు, అఫ్లాటాక్సిన్లన్నీ కలిపి 10 దాటకూడదు. ఏ దేశం సరుకును ఎందుకు ఆపారో ఆ పోర్టల్‌లో కనిపిస్తుంది. అవి వరుసగా చదివాకే, నేల మీద ఆరబోసి మంచుకు తడిసిన ఒక లాటును చవకగా ఇస్తామన్నా వదిలేశాం.

నాకు బాధ కలిగించే సంగతి ఇంకొకటుంది. ముందే నిర్ణయం తీసుకుని, దానికి సరిపడే అంకెలు తీసిపెట్టమని అడగడం చాలా కంపెనీల్లో అలవాటు. మా దగ్గరా అదే జరిగేది. ఆ రెండు కంటైనర్ల తర్వాత నేను అనుకూలమైన అంకెల పక్కనే, వద్దని చెప్పే అంకెలూ రాసి ఇస్తున్నాను. ఇప్పుడు ప్రతి జనవరిలో, పంట జోరుగా రాకముందే, ఆ కాగితం చూశాకే మా ఓనర్ గారు కోల్డ్ స్టోరేజీకి అడ్వాన్స్ కడుతున్నారు.