పచ్చి వడ్లు అమ్మేయాలా, ఆరబెట్టాలా? టార్పాలిన్ పట్టలా, డ్రయ్యరా? ఏది మేలు?

కోత మిషన్ వచ్చాక వడ్లు ఆరబెట్టే పని పెద్ద టెన్షనయింది. అంతకుముందు చేత్తో కోసి, పనలు చేలోనే ఎండనిచ్చి, కుప్ప వేసి, తీరిగ్గా నూర్చేవాళ్ళు. గింజ కల్లానికి వచ్చేసరికే చాలావరకు ఆరి ఉండేది. ఇప్పుడు పొద్దున కోసిన వడ్లు మధ్యాహ్నానికి ట్రక్కులో ఉంటాయి. తేమ 20 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. ప్రభుత్వ కొనుగోలులో 17 శాతం దాటకూడదు. ఇంట్లో నిల్వ పెట్టుకోవాలంటే 14కి దించాలి. ఆ నీళ్ళు ఎవరు తీయాలి, ఎలా తీయాలి అన్నదే తేల్చుకోవాలి.

పచ్చి వడ్లే చేలో అమ్మేయడం చాలామంది చేసే పని. దాన్ని తప్పు పట్టను, కానీ లెక్క తెలిసి అమ్మాలి. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. 24 శాతం తేమ ఉన్న పుట్టి వడ్లను 17కి దించితే మిగిలేవి దాదాపు 778 కిలోలు. తగ్గిన 72 కిలోలూ నీళ్ళే. నీళ్ళకు ధర ఎవరూ ఇవ్వరు, అడగడమూ న్యాయం కాదు. వ్యాపారి తేమ పేరుతో తూకంలో కోసే తరుగు అక్కడితో ఆగితే పచ్చివి అమ్మినవాడికి నష్టమేమీ లేదు, పైగా కూలి ఖర్చు మిగిలింది. పుట్టికి 100 కిలోలు తీశాడనుకోండి. అదనంగా పోయిన 28 కిలోలు ఆరబెట్టే కూలి కింద మీరు ఇచ్చినట్టే. 2025-26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ చొప్పున అది 660 రూపాయల పైమాట. మీ ఊళ్ళో పుట్టి ఆరబెట్టడానికి అంతకంటే ఎక్కువ అవుతుంటే ఇచ్చేసి ఇంటికి పోవచ్చు. అయితే వడ్లు 20 శాతం తేమతోనే ఉంటే తీయాల్సిన నీళ్ళు 31 కిలోలే. అక్కడ కూడా అదే 100 కిలోల తరుగు అంటే మాత్రం ఒప్పుకోకూడదు.

ఈ బేరమంతా తేమ అంకె మీదే నడుస్తుంది కాబట్టి, మీటర్ అవతలివాడి చేతిలో మాత్రమే ఉండటం మంచిది కాదు. నలుగురు రైతులు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు. రాశి పైనుంచి గుప్పెడు తీసి చూస్తే కుదరదు. పైన, నడుమ, అడుగున తీసి కలిపి, ఎండలో కాలిన గింజైతే నీడలో కాసేపు చల్లారనిచ్చి చూడాలి. పంటి కింద పటుక్కుమంటే ఆరినట్టే అనే పాత పరీక్ష ఇంటి మటుకు పనికొస్తుంది, కాటా దగ్గర చెల్లదు.

రోడ్డు మీద ఆరబోసే సంగతి ఎక్కువ చెప్పను. చోటు ఉచితం, వేడి ఎక్కువ, తొందరగా ఆరుతుంది. టైర్ల కింద గింజ నలుగుతుంది, రాళ్ళు కలుస్తాయి, రాత్రిపూట మోటార్ సైకిల్ మీద వచ్చేవాడికి రాశి కనబడదు. ఏప్రిల్ ఎండకు పాదం మోపలేనంత కాలే తారు మీద పలుచగా పోసిన వడ్లు పైకి బాగానే ఉంటాయి. మిల్లులో పడ్డాకే నూక బయటపడుతుంది.

ఈ నూక విషయం దగ్గరే పట్టలకూ డ్రయ్యర్‌కూ అసలు తేడా. గింజ పైపొర తొందరగా ఆరుతుంది, లోపలి తేమ పైకి రావడానికి టైమ్ కావాలి. పైన ముడుచుకుపోయి లోపల పచ్చిగా ఉంటే సన్నటి పగులు పడుతుంది. ఎండిన గింజ రాత్రి మంచుకు మళ్ళీ తడిసినా అంతే. కందుకూరు, కొండపి వైపు పొగాకు బ్యారన్ కాల్చినవాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఆకు రంగు తిరిగేదాకా తక్కువ సెగ, ఆ తర్వాతే మెల్లగా పెంచుతూ ఈనె ఎండేదాకా వెళ్తారు.

పట్టల మీద ఆరబోస్తే ఈ నిదానం మన చేతిలో ఉంటుంది. మూడు నాలుగు సెంటీమీటర్ల మందం, అరగంటకోసారి కాళ్ళతో చాళ్ళు తీస్తూ తిప్పడం, మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతుంటే కాసేపు దగ్గరకు లాగి కప్పడం. ఆ మందంలో పోస్తే పుట్టికి సుమారు ఒక సెంటు చోటు కావాలి. ఎకరాకు మూడు పుట్లు పండితే మూడు సెంట్లు. రెండెకరాల రైతుకు ఇది సమస్య కాదు, పదెకరాల కౌలు రైతుకు పెద్ద సమస్యే. సాయంత్రం కప్పేటప్పుడు గింజ వేడి తగ్గనివ్వాలి. వేడి రాశిని బిగించి కప్పితే పట్ట కింద చెమట పట్టి, పగలంతా చేసిన పని కొంత వృథా అవుతుంది.

డ్రయ్యర్‌లో వేడిగాలి తగిలిన గింజ మళ్ళీ పైతొట్టిలోకి వెళ్ళి కాసేపు ఊరుకుని తిరిగి కిందకు వస్తుంది. ఆ విరామంలోనే లోపలి తేమ పైకి వస్తుంది. మామూలుగా గంటకు అర శాతం నుంచి ఒక శాతం దాకా తేమ తగ్గుతుంది. అంటే 24 నుంచి 17కి రావడానికి ఏడు నుంచి పద్నాలుగు గంటలు. ‘మూడు గంటల్లో చేసిస్తాం’ అన్నవాడి దగ్గర వడ్లు పోయకండి. ఊకతో మండే పొయ్యి ఉంటే ఇంధనం ఖర్చు తగ్గుతుంది. చిక్కల్లా లోడు నిండాలి. నిండటం కోసం పక్కవాళ్ళ వేరే రకం కలిపితే సన్నాలకు వచ్చే ధర పోతుంది. ఒకే రకం వేసిన ఇద్దరు ముగ్గురు మాట్లాడుకుని ఒకే రోజు కోయిస్తేనే ఇది కలిసొస్తుంది.

నా మటుకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వచ్చే రబీ పంటకు, చోటుంటే పట్టలే. నెల్లూరు జిల్లా కోవూరు, బుచ్చి, అల్లూరు వైపు ఆ నెలల్లో ఎండకు కొరత ఉండదు, ఉచితంగా దొరికేదానికి డబ్బు పెట్టడం దండగ. రబీ తర్వాత వేసే రెండో పంట, ఎడగారు, వేరు. సెప్టెంబరు దాటితే ఎప్పుడు ముసురు పడుతుందో తెలియదు, ముసురులో రెండు రోజులు రాశిగా ఉన్న పచ్చి వడ్లు వేడెక్కి రంగు మారతాయి, మొలకలు కూడా వస్తాయి. అప్పుడు డ్రయ్యర్‌కు ఎంతడిగినా పెద్ద రేటు అనిపించదు. అది దొరక్కపోతే, కాస్త ఎక్కువ తరుగైనా పచ్చివి అమ్మేయడమే నయం.

విత్తనానికి ఉంచుకునే వడ్లను మాత్రం బియ్యం వడ్లతో కలిపి డ్రయ్యర్‌లో పోయకూడదు. 43 డిగ్రీలు దాటిన వేడికి మొలక దెబ్బతినే ప్రమాదం ఉంది. వాటిని విడిగా లేత ఎండలో రోజుకు కొంచెం చొప్పున 12, 13 శాతానికి తెచ్చి, చల్లారాకే మూటగట్టండి.