డబ్బా పాతదే, బుర్ర మార్చాను: ఐ7-4790తో అయిదేళ్లు

మా వీధిలో ఎవరినడిగినా మొత్తం డబ్బానే సీపీయూ అంటారు. "గురూ, మా సీపీయూ లేవట్లేదు" అని ఫోన్ వస్తే ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటు అందించే పెట్టె) పోయిందో, ర్యామ్ కదిలిందో, ఇంట్లో పిల్లాడు ప్లగ్గు పీకేశాడో వెళ్లి చూస్తే గానీ తెలీదు. నేను రాస్తున్నది ఆ డబ్బా గురించి కాదు, దాని కడుపులో అగ్గిపెట్టె అంతుండే అసలు సీపీయూ, అంటే ప్రాసెసర్ గురించి. 2021 ఫిబ్రవరిలో కోర్ ఐ3-4130 తీసేసి సెకండ్ హ్యాండ్ కోర్ ఐ7-4790 పెట్టాను. అయిదేళ్లుగా రోజుకి పది గంటలు దాని మీదే నా బతుకుతెరువు.

నాది విశాఖ జ్ఞానాపురంలో చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, దినకర్మ కార్డులు, చర్చి సభల కరపత్రాలు, సింహాచలం చందనోత్సవానికి చలివేంద్రం పెట్టేవాళ్ల ఫ్లెక్సీలు, ఈమధ్య వాట్సాప్‌లో పంపుకొనే పెళ్లిపిలుపు వీడియోలు. మిషన్ 2014 ఆగస్టులో కొన్నది. హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. కొన్న రెండు నెలలకే, అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను వచ్చింది. ముందురోజు రాత్రే దాన్ని పాత ఫ్లెక్సీలో మూటకట్టి అటకెక్కించాను. షాపులోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి, రెండు కాగితం కట్టలు గుజ్జయిపోయాయి. కొన్ని రోజుల తర్వాత కరెంటొచ్చాక స్విచ్ వేస్తే ఏమీ ఎరగనట్టు లేచింది. అప్పట్నుంచీ దాన్ని అమ్మాలంటే చెయ్యి రాదు. ఈ సమీక్షలో ఆ పక్షపాతం కొంత ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా.

ఒక సంగతి ముందు తేల్చేద్దాం. ఈ మిషన్‌కి నిజంగా ప్రాణం పోసింది ప్రాసెసర్ కాదు. 2019లో వేసిన 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్క్ కంటే వేగమైన డిస్క్. అంతకుముందు పొద్దున్నే షట్టర్ ఎత్తి, స్విచ్ వేసి, టీ తాగి వచ్చినా విండోస్ ఇంకా తిరుగుతూనే ఉండేది. ఎస్‌ఎస్‌డీ వేశాక టీ చెప్పేలోపే లేచి కూర్చుంది. హెచ్81 బోర్డులో డిస్కులు తగిలించే సాటా పోర్టులు నాలుగుంటే రెండే 6 గిగాబిట్‌వి. మిగతా రెంటిలో పెడితే సగం వేగం నేలపాలు. మాకు తెలిసిన కుర్రాడే మొదట తప్పు పోర్టులో పెట్టి వెళ్లిపోయాడు, నెల తర్వాత నేనే చూసి మార్చుకున్నాను. అదే ఏడు ర్యామ్ 8 జీబీ చేశాను.

మరి ప్రాసెసర్ ఎందుకంటారా? బల్లకి అవతల కూర్చునే మనిషి వల్ల.

మా పని తీరు వేరు. ఇంట్లో వాడుకునేవాడికి వీడియో తయారయ్యేదాకా పది నిమిషాలు ఆగితే నష్టం లేదు. మా దగ్గర పెళ్లికూతురి మేనమామ ఎదురుగా కూర్చుని స్క్రీన్ వంకే చూస్తుంటాడు. ఆ వెనకాల ఇంకొకాయన ఆధార్ ప్రింట్ కోసం నిలబడి ఉంటాడు. ఐ3లో ఉన్నవి రెండే కోర్లు (పని చేసే బుర్రలు), వాటిమీద నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడిచే పని వరసలు). వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టానంటే నాలుగూ నూటికి నూరు కొట్టేసేవి, మౌస్ బంకలో పడ్డ ఈగలా కదిలేది. "అయిదు నిమిషాలండీ" అని ఎన్నిసార్లు అన్నానో. అది అయిదు కాదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

2021 ఫిబ్రవరిలో ఆగిపోయిన జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఎన్నికలు మళ్లీ కదిలాయి. పోలింగు మార్చి 10. 98 వార్డులు, వార్డుకి ఎందరు నిలబడితే అన్ని కరపత్రాలు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడనిపించింది.

ఏది పెట్టాలన్నది పెద్ద చిక్కు కాదు. హెచ్81 మీద ఉన్న ఎల్‌జీఏ 1150 సాకెట్‌కి (ప్రాసెసర్ కూర్చునే గూడు) నాలుగో తరం ఇంటెల్ దాకానే దారి. అయిదో తరం అదే సాకెట్‌లో కూర్చుంటుంది గానీ 9 సిరీస్ బోర్డులే నడుపుతాయి. ఐ5-4590 చవక, నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు. ఇంకా బేరమనిపించింది జియాన్ ఈ3-1231 వీ3, ఎనిమిది థ్రెడ్లు. కానీ దాన్లో గ్రాఫిక్స్ లేదు, నా మిషన్‌లో వేరే కార్డు లేదు, పెడితే నల్ల తెరే. "4790 కే" అనే రకం ఓవర్‌క్లాక్ చేసేవాళ్ల (కంపెనీ పెట్టిన వేగాన్ని మించి పరిగెత్తించేవాళ్ల) సరుకు, దానికి ఎక్కువ డబ్బులు పోసి హెచ్81లో పెట్టడం దండగ. మామూలు 4790 ఖాయం చేసుకున్నాను. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, 3.6 గిగాహెర్ట్జ్, టర్బోలో (తనంతట తను పెంచుకునే వేగం) 4, క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ) 8 ఎంబీ. నా ఐ3కి క్యాష్ 3 ఎంబీ, టర్బో అన్న మాటే లేదు.

ద్వారకానగర్‌లో మెట్లెక్కి వెళ్లే ఓ సెకండ్ హ్యాండ్ షాపులో దొరికింది. 8,500 అన్నాడు. "ఏటి గురూ, ఏడేళ్ల నాటి సరుకు!" అంటే 7,800కి దిగాడు, పది రోజుల టెస్టింగ్ గ్యారంటీతో. అట్టపెట్టె లేదు, స్పాంజి ముక్కలో చుట్టి ఇచ్చాడు. కొనేముందు ఒకటి చూసుకోండి: పైన రేకు మీద అచ్చుకొట్టిన కోడ్. 4790 అయితే ఎస్‌ఆర్1క్యూఎఫ్ అని ఉండాలి. ఇంటెల్ కాన్ఫిడెన్షియల్ అని ఉందంటే అది అమ్మకానికి చేసింది కాదు, పరీక్షలకి పంపిన నమూనా. చవకగా ఇస్తారు, బోర్డు గుర్తుపట్టకపోతే దిక్కులేదు. అదే షాపులో 4790ఎస్ కూడా ఉంది. 65 వాట్లది, మామూలుది 84. టర్బో రెంటికీ 4 గిగాహెర్ట్జే. "ఎస్ అంటే స్లో అన్నమాట" అని షాపతను నవ్వితే నమ్మేశాను. ఆ నవ్వు నాకు తర్వాత ఖరీదైంది.

రాత్రి షట్టర్ సగం దించి పనిలో దిగాను. ఈ సాకెట్‌లో పిన్నులు ప్రాసెసర్‌కి ఉండవు, బోర్డుకే ఉంటాయి. వెంట్రుక లాంటివి, ఒకటి వంగినా బోర్డు పోయినట్టే. గాటుకి గాటు, మూల మీది త్రికోణానికి త్రికోణం చూసుకుని వదిలితే దానంతటదే కూర్చుంటుంది, నొక్కక్కర్లేదు. కానీ పై చట్రం దించి లీవర్ వేసేటప్పుడు కిర్రుమని ఓ చప్పుడొస్తుంది చూడండి, ఏదో విరిగిందనే అనుకుంటాం. ఏమీ విరగదు, దాని చప్పుడే అంత.

స్విచ్ వేశాను. ఫ్యాన్ తిరిగింది, తెర మీద ఏమీ లేదు. ర్యామ్ తీసి, పసుపు అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టాను. సముద్రపు గాలి ఊరు కదా, మా దగ్గర సగం రోగాలకి ఆ రబ్బరే మందు. లాభం లేదు. గ్యారంటీ పది రోజులేనన్నది గుర్తొచ్చి చెమట పట్టింది. అసలు సంగతి ఏమిటంటే 4790 అనేది 2014లో వచ్చిన హాస్వెల్ రిఫ్రెష్, అంటే ఇంటెల్ నాలుగో తరానికే మెరుగులు దిద్దిన రకం. నా బోర్డు నేను కొన్నది 2014లోనే అయినా లోపలి బయోస్ (బోర్డుని లేపే మొదటి సాఫ్ట్‌వేర్) 2013 నాటిది, దానికి ఈ కొత్త చుట్టం ఎవరో తెలీదు. పాత ప్రాసెసర్ బోర్డు మీద ఉండగానే బయోస్ అప్‌డేట్ చేసుకోవాలి. అంటే మళ్లీ అంతా విప్పి, ఐ3 పెట్టి, బోర్డు కంపెనీ సైట్ నుంచి ఫైల్ దించి, ఫ్యాట్32 చేసిన పెన్‌డ్రైవ్‌లో వేసి, బయోస్‌లో ఉన్న ఫ్లాష్ టూల్‌తో ఎక్కించాలి. ఎక్కేటప్పుడు కరెంటు పోతే బోర్డు రాయి. నా యూపీఎస్ బ్యాటరీ అప్పటికే రెండు నిమిషాలు కూడా ఆగడం లేదు. పక్క మెడికల్ షాపు ఇన్వర్టర్ నుంచి వైరు లాక్కుని చేశాను. మూడు నిమిషాల పని. ఆ మూడు నిమిషాలూ పక్క షాపాయన వెనకే నిలబడి "ఏటి, బాంబు తీస్తున్నావా?" అంటున్నాడు.

ఈసారి లేచింది. బోర్డు మారలేదు కాబట్టి విండోస్ యాక్టివేషన్ కూడా అడగలేదు.

తర్వాత వేడి. ఐ3తో వచ్చిన పొట్టి అల్యూమినియం కూలర్నే మళ్లీ బిగించాను. అది 54 వాట్ల ప్రాసెసర్ కోసం ఇచ్చింది. వీడియో పెట్టగానే వేడి 98 డిగ్రీలు చూపించింది. నూరు దగ్గర ఈ ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, అంటే ఐ7 కొని ఐ5 పని చేయించుకోవడం. సగం తప్పు నాదే. కూలర్‌కి నాలుగు మూలలా నొక్కే పిన్నుల్లో ఒకటి బోర్డులో దిగలేదు, పైకి చూస్తే దిగినట్టే ఉంది. బోర్డుని బయటికి తీసి వెనక నుంచి చూస్తే తెలిసింది. అది సరిచేసి, వేడిని కూలర్‌కి అందించే కొత్త పేస్ట్ బఠాణీ గింజంత వేస్తే 88కి వచ్చింది. ఏప్రిల్‌లో మళ్లీ 95. చివరికి 1,600 పెట్టి నిలువు టవర్ కూలర్ కొన్నాను. ఎండాకాలం మధ్యాహ్నం, ఏసీ లేని షాపులో, ఇప్పుడు 76 దాటదు. ఆ 65 వాట్ల ఎస్ రకం కొనుంటే ఈ కథంతా తప్పేది. ఏసీ లేని విశాఖ షాపుకి ఎస్ రకమే సరైనదని ఇప్పుడు ఎవరడిగినా చెబుతున్నా.

ఇక అయిదేళ్ల లెక్క. ఒకటిన్నర నిమిషాల పెళ్లిపిలుపు వీడియో ఐ3 మీద పద్నాలుగు నిమిషాలు తీసుకునేది, ఇప్పుడు ఆరు. ఫోటోషాప్‌లో పెద్ద ఫ్లెక్సీ ఫైలు సేవ్ అవడం సగానికి తగ్గింది. బాగుంది, కానీ నేను డబ్బులు పెట్టింది ఇందుకు కాదు. ఆ ఆరు నిమిషాల్లో నా చేతులు ఖాళీగా ఉండటం అసలు లాభం. వెనక వీడియో తయారవుతుంటే ముందు పేజీలు కట్టే పేజ్‌మేకర్‌లో మేనమామ చెప్పిన గోత్రం దిద్దుతాను, ఆధార్ ఆయన్ని పంపించేస్తాను. ఆ ఎన్నికల పదిహేను రోజుల్లోనే ప్రాసెసర్‌కి పెట్టిన డబ్బు తిరిగొచ్చింది. "అయిదు నిమిషాలండీ" అనడం మానేశానని మా ఆవిడ కనిపెట్టింది, నేను గమనించనే లేదు.

మారనివి కూడా చెప్పాలి. పేజ్‌మేకర్‌లో "అను" తెలుగు ఫాంట్లతో టైపింగ్ అప్పుడెంతో ఇప్పుడూ అంతే. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, దానికి ఒక్క కోర్ చాలు, మిగతా మూడూ ఉన్నాయని కూడా దానికి తెలీదు. రెండు ప్రాసెసర్లూ ఒకే హాస్వెల్ కుటుంబం. ఒక్క కోర్ చేసే పనిలో 3.4 నుంచి 4 గిగాహెర్ట్జ్‌కి వెళ్తే మహా అయితే నూటికి పద్దెనిమిది, అది కంటికి ఆనదు. విండోస్ లేవడం, ఫైళ్లు తెరవడం ఎస్‌ఎస్‌డీ దయే. కాబట్టి మీ మిషన్‌లో ఇంకా హార్డ్ డిస్కే ఉంటే, 4 జీబీ ర్యామే ఉంటే, ప్రాసెసర్ జోలికే పోకండి. నాలా రెండు పనులు ఒకేసారి నడపాల్సినవాళ్లకే ఇది. ఒక్క టైపింగే చేసుకునేవాడు ఐ7 వేసుకోవడం పెరట్లో మొక్కలకి ఫైరింజన్‌తో నీళ్లు పోయడం.

మధ్యలో ఒక్కసారే పెద్ద గండం. ఎనిమిది నెలలకి మిషన్ దానంతటదే ఆరిపోవడం మొదలెట్టింది. ప్రాసెసరే పోయిందనుకుని గుండె జారింది. సొరుగులోంచి ఐ3 తీసి పెట్టి చూశాను, అయినా ఆరిపోయింది. దొంగ ఎస్‌ఎంపీఎస్. కేబినెట్‌తో ఉచితంగా వచ్చిన సరుకు, విప్పితే కెపాసిటర్లు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. ముప్ఫై వాట్లు ఎక్కువ లాగడం వల్ల పోయిందో, కాలం తీరి పోయిందో చెప్పలేను. 2,400 పెట్టి మంచిది వేశాను. ఆ ఖర్చు కూడా అప్‌గ్రేడ్ లెక్కలోనే రాసుకోండి. 7,800 అనుకున్నది మొత్తం మీద 11,800 అయింది. 2022లో ర్యామ్ 16 జీబీకి పెంచాను, ఈ బోర్డుకి అదే ఆఖరు.

నిర్వహణ అంటే దుమ్మే. మా వైపు గాలిలో సన్నటి నల్లపొడి ఉంటుంది, బల్ల మీద వేలితో పేరు రాయొచ్చు. దానికి తేమ తోడైతే కూలర్ రెక్కల మధ్య బంకమట్టిలా పేరుకుంటుంది. రెణ్నెల్లకోసారి బ్లోయర్ కొడతాను. ఓసారి వర్షాకాలంలో నాలుగు నెలలు బద్ధకించాను, వేడి పన్నెండు డిగ్రీలు పెరిగింది. పేస్ట్ రెండేళ్లకోసారి.

ఇప్పుడు చిక్కు ప్రాసెసర్‌తో కాదు, విండోస్‌తో. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగింది. విండోస్ 11కి ఎనిమిదో తరం కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. నాలుగో తరం ఎంత బలంగా ఉన్నా ఆ గుమ్మం దగ్గర ఆపేస్తారు. దొడ్డిదారిన ఎక్కించొచ్చని కుర్రాళ్లు చెబుతున్నారు. పదిమంది ఆధార్లు, బ్యాంకు పాస్‌బుక్కులు తిరిగే మిషన్‌లో నాకు ఆ ప్రయోగాలొద్దు. ఏడాది అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకున్నాను, 2026 అక్టోబరు 13 దాకా వస్తాయి. ఆ తర్వాత నెట్ వైరు పీకేసి దీన్ని పేజ్‌మేకర్‌కే వదిలేస్తాను, వీడియోలకి వేరే మిషన్ చూసుకోవాలి.

మొన్న ఒకాయన వచ్చి ఆ ఐ3 వెయ్యికి ఇస్తారా అని అడిగాడు. సొరుగు తీసి చూపించాను గానీ ఇవ్వలేదు. ఈ డబ్బా ఎప్పుడు మొరాయించినా తప్పెవరిదో తేల్చే సాక్షి అదొక్కటే.