ఫిస్కార్డో రేవులో మా లంగరు తిప్పలు

గ్రీసులో కెఫలోనియా దీవికి ఉత్తరం కొసన ఉంటుంది ఫిస్కార్డో. పక్క దీవి లెఫ్కాడాలో తెరచాప పడవ అద్దెకు తీసుకుని బయల్దేరాం. లైసెన్సు, చుక్కాని బావవి, మోకులు అక్కవి, లంగరు నాది. వేసవిలో అక్కడ మధ్యాహ్నం దాటాక వాయవ్యం నుంచి మైస్త్రో అనే గాలి లేస్తుంది. ఇంజిన్ ఆపేసి ఆ గాలి మీద హాయిగా సాగుతూ వచ్చాం కానీ చేరేసరికి నాలుగున్నర, ఊరి గట్టంతా పడవలే. జూలై, ఆగస్టుల్లో వెళ్తే ఒంటిగంటలోపే చేరండి.

ఒక్క సందు మిగిలింది. ఇక్కడ పడవని గట్టు పక్కన పెట్టి కట్టరు, ఎదర లంగరు వేసి, వెనక్కి నడుపుకుంటూ వచ్చి, వెనకవైపు రెండు మోకులు గట్టుకి కట్టాలి. గట్టు మీదే హోటల్ టేబుళ్ళు, చేపలు తింటున్నవాళ్ళంతా మనల్నే చూస్తుంటారు, దీనికంటే పెళ్ళిచూపులు నయం. లంగరు దించే బటన్ నొక్కితే గొలుసు దిగదు! అద్దెకిచ్చినవాళ్ళేమో అన్నీ చూసే ఇచ్చామన్నారు. నేను చేత్తో వదిలేలోపు గాలి మమ్మల్ని పక్కకి నెట్టేసింది. పక్క పడవాయన ఫెండర్ (పడవలు రాసుకోకుండా వేలాడదీసే గాలి దిండు) అడ్డం పెట్టకపోతే గీత పడేదే. "వద్దులేరా, అవతలికి పోదాం" అన్నాడు బావ.

ఊరికి ఎదురుగా, ఉత్తరపు ఒడ్డున చెట్ల కింద అన్నీ రాళ్ళు. ఒడ్డు దగ్గరకే లోతు బాగా ఉంటుంది కాబట్టి గొలుసు ధారాళంగా వదలాలి, బావ లెక్క లోతుకి నాలుగు రెట్లు. వెనకనుంచి పొడుగు మోకు పట్టుకుని నేను ఈదుకుంటూ వెళ్ళి రాయికి చుట్టాను. రబ్బరు బూట్లు వేసుకోండి, ఆ రాళ్ళకి సీ అర్చిన్లు అనే నల్లటి ముళ్ళ సముద్ర జీవులు అంటుకుని ఉంటాయి, గుచ్చుకుంటే ట్రిప్పు అక్కడితో సరి.

నన్నడిగితే ఊరి గట్టు కంటే ఇదే నయం. పాటల హోరు లేదు, రాత్రి నీళ్ళు కదల్లేదు. భోజనానికి చిన్న రబ్బరు పడవ మీద ఊళ్ళోకి వెళ్ళాం. ధరలు కాస్త ఘాటే, కానీ 1953 ఆగస్టు భూకంపంలో దీవి చాలావరకు నేలమట్టమైనా ఇక్కడి వెనిస్ వాళ్ళ పాలన కాలపు ఇళ్ళు నిలబడ్డాయి, వాటి మధ్య కూర్చుని తింటే బిల్లు అంత బాధించలేదు.

పొద్దున కాఫీ తాగుతూ గట్టు వైపు చూస్తే ఒకాయన లంగరు ఎత్తుతుంటే పక్కాయన గొలుసు కూడా పైకొచ్చింది, దాని మీద ఇంకొకరిది. మేం మోకు విప్పుకుని రేవు దాటేదాకా వాళ్ళు అరుచుకుంటూనే ఉన్నారు.