హాబింగ్ యంత్రం పక్కన రోబో: మా వర్క్‌షాపు అనుభవం

విజయనగరం జిల్లా బొబ్బిలిలో జనపనార మిల్లులకు గేర్లు కోసే మా చిన్న వర్క్‌షాపులో, గేరు పళ్లు కోసే హాబింగ్ యంత్రానికి ముడి దిమ్మను అందించి, పళ్లు కోయడం పూర్తయ్యాక తీసి పక్కన పెట్టే ఆరు అక్షాల రోబోను ఒక సంస్థ చేత అమర్పించుకున్నాము. రోబో చేతి చివర వస్తువును పట్టుకునే జంట గ్రిప్పర్ ఒకవైపు కోసిన గేరును తీసి, వెంటనే రెండోవైపు పట్టుకున్న కొత్త దిమ్మను ఎక్కించడం వల్ల యంత్రం ఖాళీగా నిలిచే సమయం బాగా తగ్గింది. అయితే దిమ్మను ఎక్కించే ఇరుసు, అంటే ఆర్బర్ దగ్గర చిక్కుకున్న ఇనుప రజను మనిషి కంటికి కనిపించినట్లు రోబోకు కనిపించదు. దానిపై దిమ్మ వంకరగా కూర్చుంటే గేరులో రనౌట్ (తిరిగేటప్పుడు కేంద్రం నుంచి పక్కకు ఊగడం) పెరుగుతుంది. గాలి ఊదే గొట్టాన్ని, దిమ్మ సరిగా ఆనిందో లేదో చెప్పే సెన్సార్‌ను మేము అడిగిన తరువాతే, అదనపు ధరకు, బిగించారు. నిజానికి అవి మొదటి కొటేషన్‌లోనే ఉండవలసినవి. రోబో చుట్టూ ఉన్న కంచె తలుపు తెరిస్తే రోబోను ఆపేసే ఇంటర్‌లాక్ చక్కగా పనిచేస్తోంది. రోజుకొక రకం గేరు కోసేవారికి, గ్రిప్పర్ వేళ్లు మార్చడానికే పూట గడిచిపోతుంది కనుక, ఈ రోబోను సిఫారసు చేయలేను.