కోటు మీద పిల్లి మూత్రం: ఎంజైమ్ స్ప్రే ఎంతవరకు పనికొస్తుంది?

కాటన్, పాలిస్టర్ కోట్లకైతే ఎంజైమ్ స్ప్రే మీద పెట్టిన డబ్బు దండగ కాదు. పిల్లి మూత్రంలో సబ్బుకు లొంగనిది యూరిక్ ఆమ్లం. నీళ్లలో సరిగా కరగదు, అందుకే ఉతికిన కోటు కూడా ముసురు పట్టగానే మళ్లీ కంపు కొడుతుంది. స్ప్రేలోని ఎంజైమ్ ఆ ఆమ్లాన్ని విడగొడుతుంది, కానీ పైపైన చల్లితే లాభం లేదు. లైనింగ్ దాకా తడిపి, ఆరకుండా ప్లాస్టిక్ కవరు కప్పి కొన్ని గంటలు వదిలేయాలి. తడి ఆరిందా, ఎంజైమ్ పని ఆగినట్టే. తర్వాత చన్నీళ్లతో జాడించి నీడన ఆరేయాలి. వాసన పోయేదాకా ఇస్త్రీ వద్దు, వేడికి మరక పాతుకుపోతుంది.

ఉన్ని, పట్టు కోట్లకు మాత్రం సీసా మీద ప్రోటియేజ్ అని ఉంటే వాడొద్దు. అది ప్రోటీన్‌ను తినే ఎంజైమ్, ఆ దారాలూ ప్రోటీనే! ఒక వంతు తెల్ల వెనిగర్‌కు రెండు వంతుల చన్నీళ్లు కలిపి గుడ్డతో అద్దండి. రుద్దితే ఉన్ని ముద్దకడుతుంది. బ్లీచ్ జోలికి అసలు పోవద్దు, మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే విషవాయువు పుడుతుంది.